కారు కంపెనీ నిలబడుతుందా, దుకాణం సర్దేస్తుందా: బయట నుంచే లెక్క తీయడం ఎలా

ఒక కారు కంపెనీ గురించి మనకు దొరికే సమాచారంలో నూటికి తొంభై పాళ్లు కొత్త మోడల్ ముచ్చట్లే. సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎంత పెద్దది, మైలేజీ ఎంత. కానీ ఆ కంపెనీ షేర్లు కొందామనుకునేవాళ్లకీ, దానికి పార్టులు సప్లై చేసే చిన్న యూనిట్ నడుపుకునేవాళ్లకీ, అందులో ఉద్యోగం వచ్చి చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకీ, ఆఖరికి పది లక్షలు పోసి దాని కారు కొని ఎనిమిదేళ్లు వాడుకుందామనుకునేవాళ్లకీ కావలసిన జవాబు వేరే ఉంటుంది. వీళ్లు ఇక్కడ ఉంటారా, పోతారా?

దీనికి ఎంబీయే అక్కర్లేదు. కంపెనీ వార్షిక నివేదిక, నెలనెలా వచ్చే అమ్మకాల అంకెలు, ఫోన్లో కాలిక్యులేటర్, కాస్త అనుమానపు బుద్ధి ఉంటే చాలు. నేను ఏ వరుసలో చూస్తానో అదే వరుసలో చెప్తాను. కొన్నిచోట్ల ఎక్కువసేపు ఆగుతాను, కొన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తాను.

మొదట ప్లాంటు ఎంత నిండిందో చూడండి

రెండు అంకెలు కావాలి. ఆ ప్లాంటు ఏడాదికి ఎన్ని కార్లు చెయ్యగలదు, నిజంగా ఎన్ని చేసింది. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. కార్ల వ్యాపారంలో సగం సంగతులు ఈ ఒక్క శాతంలోనే బయటపడతాయి. ఎందుకంటే మొదటి కారు బయటికి రాకముందే రేకులు కొట్టే ప్రెస్ షాపు, వాటిని వెల్డ్ చేసే బాడీ షాపు, పెయింట్ షాపు, పార్టులు బిగించే అసెంబ్లీ లైను అంటూ వేల కోట్లు భూమిలో పాతేసి ఉంటారు. కార్లు అమ్ముడైనా కాకపోయినా వడ్డీ ఆగదు, తరుగుదల ఆగదు, జీతాలు ఆగవు. విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సు పదిమందితో బయల్దేరినా నిండుగా బయల్దేరినా డీజిల్ దాదాపు అంతే అయినట్టు. ఈ రంగంలో వాడే మోటు లెక్క ఏంటంటే 75, 80 శాతం దగ్గర నడిస్తే ఊపిరి ఆడుతుంది, ఏళ్ల తరబడి దానికి బాగా దిగువనే ఉంటే ఎక్కడో రక్తం కారుతున్నట్టే.

ఫోర్డ్ ఇండియాని తీసుకోండి. చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో ఒక ప్లాంటు అప్పటికే ఉంది. అది చాలదన్నట్టు 2015లో గుజరాత్‌లోని సాణంద్‌లో వంద కోట్ల డాలర్లతో ఇంకొకటి తెరిచారు, అదొక్కటే ఏడాదికి 2.4 లక్షల కార్లు చెయ్యగలదు. రెండూ కలిపితే సామర్థ్యం 4 లక్షల పైమాటే. మన మార్కెట్లో అన్ని ఫోర్డ్ కార్లు అమ్ముడయ్యే రోజు ఏనాడూ రాలేదు. 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించినప్పుడు, అంతకుముందు పదేళ్లలో పేరుకున్న నష్టం 200 కోట్ల డాలర్లు దాటిందని వాళ్లే చెప్పారు. ఎకోస్పోర్ట్ చెడ్డ కారేం కాదు, ఇప్పటికీ దాన్ని వదలనివాళ్లు మన ఊళ్లలో కనిపిస్తారు. కారు బాగుంది, జనం మెచ్చుకున్నారు, అయినా ప్లాంటు నిండలేదు. ఆ సాణంద్ ప్లాంటుని తర్వాత టాటా మోటార్స్ 725.7 కోట్ల రూపాయలకి కొనుక్కుంది, ఇంజన్ల తయారీ మాత్రం ఫోర్డ్ చేతిలోనే ఉంచుకుంది.

తమాషా ఏంటంటే అదే సాణంద్‌లో టాటాకి అప్పటికే ఒక ప్లాంటు ఉంది, దానికీ ఇదే జబ్బు వచ్చింది. సింగూరు గొడవ తర్వాత నానో కోసం కట్టిన ప్లాంటు అది, ఏడాదికి 2.5 లక్షల కార్ల సామర్థ్యం. నానో ఆడలేదు. కానీ టాటావాళ్లు టియాగో, టిగోర్‌లను అదే ప్లాంటులోకి తెచ్చారు, ప్లాంటు బతికింది. కాబట్టి నిండిందా లేదా అన్న ప్రశ్న వెనకాలే రెండో ప్రశ్న వేసుకోవాలి. ఈ మోడల్ పోతే ఇదే లైను మీద ఇంకో మోడల్ ఎక్కించగలరా? ఎంత ఖర్చులో, ఎన్ని నెలల్లో?

వందేళ్ల కిందట హెన్రీ ఫోర్డ్ దగ్గర ఈ ప్రశ్నకి జవాబు లేదు. 1913లో హైలాండ్ పార్క్ ప్లాంటులో కదిలే అసెంబ్లీ లైను పెట్టాక ఛాసిస్ బిగింపు పన్నెండున్నర గంటల నుంచి 93 నిమిషాలకి పడిపోయింది. 1908లో 850 డాలర్లున్న మోడల్ టీ ధర 1925కల్లా 260కి దిగింది. మొత్తం కోటిన్నరకి పైగా చేశారు. అయితే మిషన్లన్నీ ఆ ఒక్క కారుకే పుట్టినట్టు ఉండటంతో, 1927లో జనం దాన్ని వద్దనేసరికి ‘మోడల్ ఏ’ (Model A) అనే కొత్త కారు కోసం ఆరు నెలల దాకా ప్లాంట్లు మూసుకోవాల్సి వచ్చింది. ఆలోపు జనరల్ మోటార్స్ వాళ్ల షెవ్రొలే ముందుకెళ్లిపోయింది. ఆ కంపెనీని నడిపిన ఆల్ఫ్రెడ్ స్లోన్ ప్రతి జేబుకీ ఒక బ్రాండ్, వాయిదాల మీద కొనుక్కోడానికి 1919లోనే పెట్టిన సొంత ఫైనాన్స్ కంపెనీ, ఏటా కాస్త మార్చిన మోడల్ అనే దారి పట్టాడు. ఇప్పటికీ అన్ని కంపెనీలూ నడుస్తున్నది ఆ దారిలోనే.

మన దగ్గరి ఉదాహరణ కియా. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 110 కోట్ల డాలర్ల ప్లాంటుకి 2017లో ఒప్పందం అయింది, 2019లో సెల్టోస్ బయటికొచ్చింది, సామర్థ్యం ఏడాదికి 3 లక్షలు. 2023 జులైలో పదో లక్ష కారు ఆ ప్లాంటు నుంచి వచ్చింది. లెక్క వెయ్యండి: నాలుగేళ్లలో 10 లక్షలు, సగటున ఏడాదికి 2.5 లక్షలు, అంటే 83 శాతం. మధ్యలో కరోనా లాక్‌డౌన్లు, చిప్‌ల కరువు ఉన్నా కూడా. అందులో ఎగుమతులూ ఉన్నాయి. చాలామంది ఎగుమతుల్ని కంపెనీ గొప్పగా చూస్తారు గానీ, నేను చూసేది ఇక్కడ గిరాకీ తగ్గిన నెలలో లైను ఖాళీ పడకుండా అవి ఎంతవరకు కాస్తున్నాయని.

ఒక జాగ్రత్త. కెపాసిటీ అంకెని కంపెనీలు తమకు నచ్చినట్టు చెప్తాయి. ఒకరు రెండు షిఫ్టుల మీద చెప్తారు, ఇంకొకరు మూడు షిఫ్టుల మీద. అందుకే రెండు కంపెనీల శాతాలు పక్కపక్కన పెట్టి పోట్లాడుకోవడం కన్నా ఒకే కంపెనీ శాతం ఐదేళ్లలో ఎటు పోతోందో చూడటం మేలు.

సెకన్లలోకి మార్చుకోండి

ఏడాదికి 3 లక్షలంటే ఊహకు అందదు. 300 పనిదినాలు అనుకుంటే రోజుకి 1000 కార్లు. రెండు షిఫ్టులు, టీలూ భోజనాలూ పోను షిఫ్టుకి ఏడున్నర గంటల పని అనుకుందాం. మొత్తం 15 గంటలు, 54,000 సెకన్లు. అంటే 54 సెకన్లకో కారు లైను దిగాలి. మూడు షిఫ్టులైతే 81 సెకన్లు. షిఫ్టులూ పనిదినాలూ ఇక్కడ నేను అనుకున్నవే, మీరు చూసే ప్లాంటువి వేసుకోండి. దీన్నే టాక్ట్ టైమ్ అంటారు.

ఇక్కడ చాలామంది తడబడేది ఒకటుంది. టాక్ట్ టైమ్‌ని మిషన్ వేగం నిర్ణయించదు, గిరాకీ నిర్ణయిస్తుంది. గిరాకీ రోజుకి 700కి పడిపోతే అదే 15 గంటల్లో టాక్ట్ 77 సెకన్లు అవుతుంది. అప్పుడు క్రమశిక్షణ ఉన్న ప్లాంటు లైను వేగం తగ్గించి, ఒక్కొక్కరికీ రెండు పనులు ఎక్కువ అప్పజెప్పి, మిగిలిన మనుషుల్ని వేరే పనికి మళ్లిస్తుంది. క్రమశిక్షణ లేనిది 54 సెకన్లకే తోలుతూ, మిగిలిన కార్లని యార్డులో పెడుతుంది. యార్డు నిండాక డీలర్ నెత్తిన పెడుతుంది. ఆ తర్వాత పేపర్లో డిస్కౌంట్ ప్రకటనలు చూస్తాం.

ఆ 54 సెకన్లలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే టొయోటా పద్ధతి అని అందరూ చెప్పుకునేదాని కీలకం అక్కడే ఉంది. లైను మీద ఒక మనిషి ముందుకి తలుపు లేని బాడీ నెమ్మదిగా కదులుతూ వస్తుంది. అతను లోపలికి వంగి వైరింగ్ కనెక్టర్లు ఒక్కొక్కటీ టక్కుమనే దాకా నొక్కాలి, క్లిప్పులు పెట్టాలి, బయటికి రావాలి. ఒక కనెక్టర్ టక్కుమనలేదు. ఏం చేస్తాడు? పైన వేలాడే తాడు లాగుతాడు. చాలామంది తాడు లాగగానే లైను ఆగిపోతుందనుకుంటారు, కాదు. బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది, పాట మోగుతుంది, టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు. కారు మాత్రం కదులుతూనే ఉంటుంది. ఆ స్టేషన్ హద్దుగీత దాకా వచ్చేలోపు ఇద్దరూ కలిసి సరిచేస్తే తాడు మళ్లీ లాగేస్తారు, ఏమీ ఆగదు. గీత దాకా వచ్చినా తేలకపోతే అప్పుడు ఆగుతుంది. తప్పు జరిగిన చోటే, జరిగిన నిమిషంలోనే దొరుకుతుంది. అదే ఊరుకున్నారనుకోండి, ఆ కనెక్టర్ మీద డాష్‌బోర్డ్ వచ్చి కూర్చుంటుంది, తర్వాత దాన్ని సరిచెయ్యాలంటే సగం కారు విప్పాలి.

ఈ ఆలోచన కార్ల నుంచి పుట్టలేదు, మగ్గం నుంచి పుట్టింది. టొయోటా వ్యవస్థాపకుడి తండ్రి సకిచి టొయోడా పోగు తెగగానే తనంతట తానే ఆగిపోయే మగ్గం చేశాడు, 1924లో వచ్చిన జీ టైప్ మగ్గంతో అది పక్కా అయింది. 1929లో దాని పేటెంట్ హక్కుల్ని ఇంగ్లాండ్‌లోని ప్లాట్ బ్రదర్స్‌కి అమ్మారు. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పోగు తెగాక కూడా మగ్గం ఆడుతూ పోతే గజాలకి గజాలు గుడ్డ పాడైపోతుంది, దాన్ని కనిపెట్టడానికే ఒక మనిషి కాపలా ఉండాలి.

తాడు కట్టడం ఏ కంపెనీకైనా చేతనవును. లాగినవాడిని తిట్టకుండా ఉండటమే కష్టం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ (జీఎం) ప్లాంటు ఒకటి 1982లో మూతపడింది. రోజూ దాదాపు ఐదో వంతు మంది పనికే వచ్చేవారు కాదు, యూనియన్‌కీ యాజమాన్యానికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. 1984లో అదే భవనాన్ని, చాలావరకు ఆ మనుషుల్నే తీసుకుని, టొయోటా జీఎంతో కలిసి నమ్మీ అనే ఉమ్మడి కంపెనీ మొదలుపెట్టింది. కొందరిని జపాన్‌లోని తకవోకా ప్లాంటుకి పంపి పని చూపించారు. కొద్దికాలంలోనే అది జీఎం ప్లాంట్లన్నిటిలోనూ మంచి నాణ్యత ఇచ్చేవాటిలో ఒకటైంది. మరి జీఎం ఇదే పద్ధతిని తన మిగతా ప్లాంట్లకి ఎందుకు ఎక్కించలేకపోయింది? అదే కాలిఫోర్నియాలోని వాన్ నైస్ ప్లాంటులో ప్రయత్నించారు, సాగలేదు, 1992లో దాన్ని మూసేశారు. అక్కడి సూపర్‌వైజర్లకి లైను ఆపడమంటే నేరం, అది మారలేదు.

ఆ ఫ్రీమాంట్ భవనం కథ ఇంకా ఉంది. 2010లో నమ్మీ మూతపడ్డాక టెస్లా దాన్ని 4.2 కోట్ల డాలర్లకి కొంది. అదే చోట 2017, 2018లలో మోడల్ 3 కోసం మనుషులు చేసే పనులన్నిటికీ రోబోలు పెట్టబోయి లైను పదేపదే ఆగిపోయింది. ఆటోమేషన్ మితిమీరడం తమ తప్పేనని, మనిషిని తక్కువ అంచనా వేశామని ఎలాన్ మస్క్ స్వయంగా ఒప్పుకున్నాడు. చివరికి పార్కింగ్ స్థలంలో గుడారం వేసి అందులో ఇంకో లైను పెట్టారు. కాబట్టి ఎవరైనా మా ప్లాంటులో ఇన్ని వందల రోబోలు ఉన్నాయని గొప్పలు పోతే బాడీ షాపు వెల్డింగ్‌లోనా, అసెంబ్లీలోనా అని అడగండి. వెల్డింగ్‌లో, పెయింట్‌లో రోబోలు ఎప్పటి నుంచో అందరికీ ఉన్నవే. మెత్తగా వంగే వైర్లూ రబ్బర్లూ అమర్చే చోట వాటి గొప్ప ఇంకా అనుమానమే.

బయట నుంచి ఇదంతా ఎలా కనిపెట్టాలి? వార్షిక నివేదికలో వారంటీ ప్రొవిజన్ అని ఒక నోట్ ఉంటుంది, అంటే అమ్మిన బళ్లకి వారంటీలో చెయ్యాల్సిన రిపేర్ల కోసం పక్కన పెట్టిన డబ్బు. దాన్ని అమ్మకాల ఆదాయంతో భాగించి నాలుగైదేళ్లకి వేసుకోండి. పెరుగుతూ పోతుంటే తాడు ఎవరూ లాగట్లేదని అర్థం. మీరు పార్టులు సప్లై చేసే వెండర్ అయి ప్లాంటు లోపలికి వెళ్లే అవకాశం ఉంటే ఇంకా తేలిక. లైను చివర సరిచెయ్యడానికి బానెట్లు తెరిచి ఎన్ని కార్లు నిలబెట్టారో చూడండి, గోడల మీద స్లోగన్లు చదవక్కర్లేదు.

స్టాకు ఎక్కడ పేరుకుంటోంది

పార్టుల్ని కావలసిన వేళకే తెప్పించుకునే జస్ట్ ఇన్ టైమ్ పద్ధతి అనగానే స్టాకు లేకుండా బతకడం అనుకుంటారు. దాని పుట్టుక చూస్తే సంగతి తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టొయోటా దగ్గర డబ్బుల్లేవు. 1950లో దివాలా అంచుకి వెళ్లి, బ్యాంకుల షరతు మీద ఉద్యోగాలు తీసేసి, సమ్మె ఎదుర్కొని, సకిచి కొడుకు, కంపెనీ పెట్టిన కిచిరో టొయోడా రాజీనామా చేశాడు. పెద్ద పెద్ద మిషన్లు కొనే స్తోమత లేదు, గోడౌన్ల నిండా పార్టులు పెట్టుకునే స్తోమతా లేదు. ఉన్న కొద్ది ప్రెస్సుల మీదే రకరకాల రేకులు కొట్టాలి, అంటే మాటిమాటికీ డై (రేకుకి ఆకారమిచ్చే అచ్చు) మార్చాలి. అమెరికాలో డై మార్చడం పెద్ద తతంగం కాబట్టి ఒక్కసారి ఎక్కిస్తే వారాల తరబడి అదే రేకు కొట్టి కుప్పపోసేవాళ్లు. టొయోటా ఇంజనీరు తైచి ఓనో మనుషులు ఆ మార్పు సమయం మీద పడ్డారు. 1940ల్లో రెండు మూడు గంటలు పట్టేది 1960ల చివరికి మూడు నిమిషాలకి వచ్చింది. కిటుకు చెప్తే ఇంతేనా అనిపిస్తుంది: ప్రెస్ ఆగితేనే చెయ్యగల పనుల్నీ, ఆగకముందే చేసి పెట్టుకోగల పనుల్నీ విడదీశారు. కొత్త డై ముందే పక్కకి తెచ్చి ఉంచడం, బోల్టులన్నీ ఒకే సైజు చెయ్యడం లాంటివి. మీకు జీడిమెట్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో చిన్న ప్రెస్ షాపు ఉంటే ఇది రేపే మొదలుపెట్టొచ్చు. ఫోన్లో డై మార్పు వీడియో తీసి, మిషన్ ఆగి ఉండగా మీవాడు స్పానర్ వెతుక్కున్న నిమిషాలు ఎన్నో లెక్కపెట్టండి చాలు.

డై మార్పు మూడు నిమిషాలైతే చిన్న చిన్న లాట్లు చెయ్యొచ్చు, లాట్లు చిన్నవైతే స్టాకు తగ్గుతుంది, ఒకే లైను మీద నాలుగు మోడళ్లు నడుపుకోవచ్చు. ఇందాకటి సాణంద్ ప్రశ్నకి జవాబు ఇలాంటి పనుల్లోంచే వస్తుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ సైకీ అనే కంపెనీకి కరియాలో ఉన్న ప్లాంటు తగలబడింది. బ్రేకుల్లో వాడే చిన్న వాల్వు, దాదాపు టొయోటా కార్లన్నిటికీ అక్కడి నుంచే వచ్చేది. టొయోటా దగ్గర కొద్ది గంటల స్టాకే ఉండటంతో జపాన్‌లోని దాని లైన్లు చాలావరకు ఆగిపోయాయి. కుట్టు మిషన్ల కంపెనీతో సహా ఎవరెవరో తమ దగ్గరున్న మిషన్ల మీద ఆ వాల్వులు చేసిచ్చారు, వారం పది రోజుల్లో అంతా మళ్లీ గాడిన పడింది. 2011 భూకంపం తర్వాత టొయోటా ఇంకో అడుగు వేసి, చిప్‌ల లాంటి తొందరగా దొరకని వస్తువులకి నెలల తరబడి స్టాకు పెట్టుకోమని సప్లయర్లకి చెప్పింది. 2021లో ప్రపంచమంతా చిప్‌ల కరువొస్తే మిగతావాళ్లకంటే ఎక్కువ రోజులు తట్టుకుంది, చివరికి అదీ ఆ సెప్టెంబర్‌లో ఉత్పత్తి 40 శాతం కోసుకుంది. ఆ ఏడాది అమెరికా మార్కెట్లో జీఎంని మొదటిసారి దాటేసింది కూడా.

కాబట్టి నివేదికలో ఇన్వెంటరీ రోజులు (ఉన్న స్టాకు ఎన్ని రోజులకి సరిపోతుందన్న లెక్క) తక్కువ కనిపించగానే చప్పట్లు కొట్టకండి. ఇన్వెంటరీని ముడిసరుకు, తయారీలో ఉన్నవి, తయారైన బళ్లు అని విడగొట్టి ఇస్తారు. ముడిసరుకు పెరిగితే అది ముందుజాగ్రత్త కావచ్చు. తయారైన బళ్లు పెరుగుతూ, అమ్మకాలు అక్కడే ఉంటే అది టెన్షన్ పడాల్సిన సంగతి.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. ప్రతి నెలా ఒకటో తారీఖున కంపెనీలు ప్రకటించే అమ్మకాలు చాలావరకు డీలర్లకి పంపిన బళ్ల లెక్క, జనం కొన్నవి కావు. జనం కొన్నవి తెలియాలంటే డీలర్ల సంఘం ఫాడా ఇచ్చే రిజిస్ట్రేషన్ అంకెలు చూడాలి. (అందులో చాలా ఏళ్లపాటు తెలంగాణ అంకెలు కలిసేవి కావు, పాత లెక్కలు పోల్చేటప్పుడు అది గుర్తుంచుకోండి.) డీలర్లకి పంపినవి వరసగా నాలుగైదు నెలలు జనం కొన్నవాటికంటే ఎక్కువ ఉంటే బళ్లు డీలర్ షెడ్లలో మూలుగుతున్నాయి. 2024 పండగల ముందు డీలర్ల దగ్గర 80, 85 రోజుల స్టాకు ఉందని ఫాడా మొత్తుకుంది. ఆ వడ్డీ డీలర్ కడుతున్నాడు, కంపెనీ పద్దులో మాత్రం అమ్మకం అయిపోయింది. అన్నట్టు, కారు కొనేవాళ్లు బేరమాడాల్సింది కూడా సరిగ్గా అప్పుడే.

ప్లాట్‌ఫామ్, బ్యాడ్జీ

పైకి వేర్వేరు కార్లుగా కనిపించేవి కింద ఒకటే అవడం ఇప్పుడు మామూలే. ఆ కింది నిర్మాణాన్నే ప్లాట్‌ఫామ్ అంటారు. ఫోక్స్‌వ్యాగన్ 2012 నుంచి ఎంక్యూబీ అనే పద్ధతిలో ముందు చక్రాల ఇరుసుకీ పెడళ్లకీ మధ్య దూరం మార్చకుండా ఉంచి, మిగతా పొడవూ వెడల్పూ మార్చుకుంటూ గోల్ఫ్ నుంచి స్కోడా ఆక్టావియా దాకా చేసింది. ఖరీదైన ఇంజనీరింగంతా ఆ ముందు భాగంలోనే ఉంటుంది కాబట్టి. మన దగ్గర కుషాక్, టైగున్, స్లావియా, వర్టస్ ఆ కుటుంబానివే. క్రెటా, సెల్టోస్ కూడా దగ్గరి చుట్టాలు. బలెనో, గ్లాంజా అయితే బ్యాడ్జీ తేడానే. మారుతీ గ్రాండ్ విటారా బెంగళూరు పక్కన బిడదిలో టొయోటా ప్లాంటులో తయారవుతుంది, ఎందుకంటారా? మళ్లీ మొదటి లెక్కకే రండి: టొయోటాకి అక్కడ నింపాల్సిన లైను ఉంది, మారుతీకి హైబ్రిడ్ టెక్నాలజీ కావాలి.

ప్లాట్‌ఫామ్ ఒకటైతే ఖర్చు పంచుకున్నట్టే రిస్కూ పంచుకున్నట్టే. అందరూ ఒకే పార్టు వాడితే ఏమవుతుందో తకాటా ఎయిర్‌బ్యాగులు చూపించాయి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులు వెనక్కి పిలిపించారు, తకాటా 2017లో దివాలా తీసింది.

రెండు కంపెనీలు కలిసిపోతున్నాయని వార్త వస్తే ఖర్చు ఎంత ఆదా అన్న అంకెని పక్కన పెట్టి, ఎన్ని ప్లాట్‌ఫామ్‌లు ఎన్నికి తగ్గుతాయో అడగండి. మెర్సిడెస్ కార్లు చేసే డైమ్లర్ 1998లో 3,600 కోట్ల డాలర్ల ఒప్పందంతో అమెరికా కంపెనీ క్రైస్లర్‌ని కలుపుకుంది. మెర్సిడెస్ విడిభాగాలు క్రైస్లర్‌కి ఇస్తే తమ పరువేం కావాలని లోపల బెట్టు, కలవాల్సింది కలవలేదు. 2007లో 80 శాతం వాటాని 740 కోట్ల డాలర్ల ఒప్పందంతో సెర్బెరస్ అనే పెట్టుబడి సంస్థకి వదిలించుకున్నారు.

ఎవరు చేస్తారు, ఎవరు మోస్తారు

సొంతంగా చెయ్యాలా, బయట కొనాలా అన్నది ఈ రంగంలో ముప్పై ఏళ్లకోసారి అటూ ఇటూ ఊగే విషయం. ఫోర్డ్ తన రూజ్ ప్లాంటులో ఉక్కు, గాజు కూడా సొంతంగానే చేసుకుంది. 1999లో జీఎం తన విడిభాగాల విభాగాన్ని డెల్ఫీ పేరుతో వదిలించుకుంది, మరుసటి ఏడాది ఫోర్డ్ విస్టియన్‌ని వదిలించుకుంది. డెల్ఫీ 2005లో దివాలా తీసింది. ఇప్పుడు చైనా కంపెనీ బీవైడీ వచ్చి మళ్లీ అంతా నేనే చేస్తానంటోంది. 1995లో బ్యాటరీలతో మొదలై 2003లో ఒక చిన్న కార్ల కంపెనీని కొని ఇటు దిగిన కంపెనీ అది. బ్యాటరీ, మోటారు, చిప్‌లు చాలావరకు సొంతం. 2022 మార్చిలో పెట్రోలు ఒక్కదానితోనే నడిచే కార్లు చెయ్యడం ఆపేసింది, 2024లో 42 లక్షలకి పైగా బళ్లు అమ్మింది. తిరుమల ఘాట్ రోడ్డు మీద ఎలక్ట్రిక్ బస్సెక్కినవాళ్లు దాని టెక్నాలజీని చూసే ఉంటారు, హైదరాబాద్ ఒలెక్ట్రా బస్సులకి సాంకేతిక భాగస్వామి బీవైడీనే.

గిరాకీ పెరుగుతున్నంతకాలం అన్నీ సొంతంగా చేసుకోవడం బంగారం, తగ్గిన రోజున ఖాళీ పడేది ఒక ప్లాంటు కాదు, పది. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉంటారు.

వెండర్లు చూడాల్సింది మాత్రం ఒకటే అంకె: బిల్లు ఎన్ని రోజులకి కడుతున్నారు. చైనాలో ధరల యుద్ధం ముదిరి సప్లయర్ల బిల్లులు నెలలకొద్దీ నానుతుంటే, ప్రభుత్వం కన్నెర్ర చేశాక 2025 జూన్‌లో బీవైడీతో సహా పెద్ద కంపెనీలన్నీ 60 రోజుల్లో కడతామని మాటివ్వాల్సి వచ్చింది. అంటే అప్పటిదాకా ఆ తక్కువ ధరల్లో కొంత భాగం సప్లయర్ల జేబులోంచి వచ్చిందే. మన దగ్గర చిన్న, సూక్ష్మ యూనిట్లకి 45 రోజులు దాటకూడదని చట్టం ఉంది, వాళ్లకి ఎంత బాకీ ఉందో కంపెనీ తన వార్షిక నివేదికలో విడిగా చూపించాలి కూడా. ఆర్డర్ తీసుకునే ముందు ఆ నోట్ చదవండి. అది చదవకుండా పర్చేజ్ మేనేజర్ మర్యాదలు చూసి మురిసిపోతే ఆ తర్వాత చేసేదేం లేదు.

కొత్త ప్లాంటు ప్రకటన వస్తే

ప్రభుత్వంతో చేసుకునే ఎంవోయూల (అవగాహన ఒప్పందాల) అంకెలు చూసి సంబరపడకండి, అవి కాగితం మీదివి. ఆ కంపెనీకి ఇప్పుడున్న ప్లాంట్లు ఎంత నిండాయి అని ముందు చూడండి. 60 శాతం దగ్గర నడుస్తున్నవాళ్లు ఇంకోటి కడతామంటే రాయితీల కోసమో, లేదా పాతదాన్ని మూసేసే ఆలోచనతోనో అని అనుమానించాల్సిందే. తర్వాత ప్రెస్సుల కోసం, పెయింట్ షాపు కోసం ఆర్డర్లు పెట్టారా, వెంట వచ్చే సప్లయర్లు స్థలాలు తీసుకుంటున్నారా చూడండి. అనంతపురం వైపు కియా వెనకాలే మోబిస్ లాంటివి వచ్చి దిగాయి. సీట్లు, బంపర్లు లాంటివి దూరం నుంచి మోసుకొస్తే గిట్టుబాటు కాదు, కాబట్టి సీట్ల కంపెనీ స్థలం తీసుకుందంటే అసలు కంపెనీ పని సీరియస్‌గా చేస్తున్నట్టే. భూములిచ్చినవాళ్లూ, చుట్టుపక్కల గదులు కట్టి అద్దెకిద్దామనుకునేవాళ్లూ మంత్రిగారి ప్రసంగం కన్నా ఈ కబురు కోసం చెవి పెట్టడం మంచిది.

ఈ లెక్కలు పని చెయ్యని చోట్లు కూడా చెప్పాలి. ఫెరారీ 2024 మొత్తానికి అమ్మింది 13,752 కార్లే, అడిగినవాళ్లందరికీ ఇవ్వకపోవడమే దాని వ్యాపారం, అక్కడ ప్లాంటు నిండిందా అని అడగడం దండగ. ఇంకా సరిగ్గా ఉత్పత్తి మొదలుపెట్టని ఎలక్ట్రిక్ కార్ల స్టార్టప్‌లకి ఐదేళ్ల పాత అంకెలే ఉండవు. వాటికి బ్యాంకులో ఉన్న నగదుని ఒక క్వార్టర్‌లో (మూడు నెలల్లో) తగలేస్తున్న డబ్బుతో భాగించండి, ఇంకెన్ని క్వార్టర్లు నడుస్తాయో వస్తుంది. ఆ అంకె నాలుగు లోపు ఉంటే, బుకింగ్ డబ్బు కట్టే ముందు వాపసు షరతులు ఒకటికి రెండుసార్లు చదవండి.